గాలిలో 78 శాతం నైట్రోజనే కదా, అది సముద్రానికి కాలుష్యం ఎలా అవుతుంది?

గాలిలోని మామూలు నైట్రోజన్ వల్ల హాని లేదు. దాని రెండు పరమాణువుల మధ్య బంధం ఎంత గట్టిదంటే, నీటిలోని నాచులో అత్యధిక భాగం దాన్ని నేరుగా వాడుకోలేదు. చిక్కంతా ఆ బంధం తెగి వేరే రూపం దాల్చిన నైట్రోజన్‌తోనే. వాహనాల ఇంజన్లు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతాయి. పశువుల పేడ, మూత్రం నుంచి, యూరియా చల్లిన పొలాల నుంచి అమ్మోనియా లేస్తుంది. ఇవి వానతోనో ధూళితోనో కిందికి దిగి నాచుకు ఎరువవుతాయి.

అమెరికాలోని చెసపీక్ అఖాతాన్నే చూడండి. దానిలోకి నదులు నీరు తెచ్చే ప్రాంతం సుమారు 1,66,000 చదరపు కిలోమీటర్లు. గాలి నైట్రోజన్ మోసుకొచ్చే ప్రాంతం దానికి దాదాపు తొమ్మిది రెట్లు! అంటే ఆ నదులతో ఏ సంబంధమూ లేని రాష్ట్రాల పొగ కూడా అక్కడికి చేరుతుంది. అఖాతంలో కలిసే నైట్రోజన్‌లో ఇంచుమించు మూడో వంతు గాలి నుంచి వచ్చిందేనని చాలాకాలంగా ఉన్న అంచనా. అందులో ఎక్కువ భాగం ముందు అడవుల మీద, పొలాల మీద, రోడ్ల మీద పడి, తర్వాత వాగుల వెంట కొట్టుకొస్తుంది. అందుకే నింద మొత్తం నదుల మీదకే పోతుంది. ఇది అన్యాయం.

నాచు విపరీతంగా పెరిగి, చచ్చి అడుగుకు చేరాక, దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. వేసవిలో లోతు నీళ్లలో పీతలకు, చేపలకు ఊపిరాడదు.

1990లో సవరించిన స్వచ్ఛవాయు చట్టం తర్వాత అక్కడ ఆక్సైడ్లు బాగా తగ్గాయి. అమ్మోనియాపై అంతటి కట్టడి లేదు. నా దృష్టిలో ఇప్పుడు పట్టించుకోవలసింది దాన్నే.