చెట్లు కొట్టే పనికి ముందు ఏం కొనాలి?

ప్రశ్న: అన్నా, నాకు 20 ఏళ్లు, మాది గుంటూరు. చిన్నప్పట్నుంచి చెట్లెక్కడం అలవాటే, కొమ్మలు కొట్టే పనే చేసుకుని బతుకుదామనుకుంటున్నా. ముందు మిషన్ రంపం కొనాలా?

జవాబు: వద్దు తమ్ముడూ, రంపం తర్వాత. ముందు హెల్మెట్, మంచి తాడు, నడుముకీ తొడలకీ పట్టే హార్నెస్ కొనుక్కో. పని బాగా తెలిసినవాళ్ల దగ్గర చేరి కింద తాడు పట్టుకునే పనితో మొదలెట్టు, ఏ కొమ్మ ఎటు పడుద్దో అక్కడే కంటికి అలవాటవుద్ది.

కోత గురించి కాస్త వివరంగా చెప్తా, మన దగ్గర చాలామంది చెట్టుని పాడుచేసేది ఇక్కడే. లావు కొమ్మని పైనుంచి ఒక్కటే కోత కోస్తే సగంలో విరిగి కాండం బెరడు కూడా చీల్చుకుంటూ కిందకి పోద్ది. అందుకని మొదలుకి జానెడు దూరంలో ముందు కిందనుంచి కొంచెం కొయ్యి, దానికి కాస్త అవతల, కొమ్మ చివరి వైపు, పైనుంచి కోసి బరువు దించెయ్, అప్పుడు మిగిలిన మోడు తియ్యి. అదీ కాండానికి ఆనించి నున్నగా కాదు, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉంటది చూడు, దాని బయటే కొయ్యాలి, గాయం మూసుకునేది ఆ ఉబ్బు నుంచే. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షిగో చెట్లని చీల్చి చూసి మరీ చెప్పిన మాట ఇది. కోసిన గాయం మీద పెయింట్ అక్కర్లేదు.

కరెంటు తీగల దగ్గర మాత్రం లైన్‌మన్ సప్లై ఆపేదాకా చెట్టెక్కకు, పచ్చి కొమ్మలోంచి కూడా షాక్ కొడుద్ది. మొత్తం చెట్టే కొట్టమంటే నీళ్లు, భూమి, చెట్లని కాపాడే 2002 వాల్టా చట్టం ఉంది, పర్మిషన్ తెచ్చారా అని ఓనర్ని అడిగాకే ఒప్పుకో. తుఫాన్ల సీజన్‌కి ముందే, సెప్టెంబర్లో అపార్ట్‌మెంట్ల వాళ్లని కలువు, పని దొరుకుద్ది.