బసవన్నను చెక్కడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కావాలా?

ప్రశ్న: నేను అనంతపురంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. కాలక్షేపానికి 3018 రకం చిన్న సీఎన్‌సీ యంత్రం (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కేది) కొనుక్కొని, టేకు, వేప చెక్కల మీద బంధుమిత్రుల ఇళ్లకు తెలుగులో నేమ్‌బోర్డులు చెక్కిస్తున్నాను. నా దగ్గర వెక్ట్రిక్ సంస్థ వారి వీకార్వ్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే వత్తులు అక్షరానికి తగిలే చోట చెక్క లేవకుండా మిగిలిపోతోంది. గుండ్రంగా గీసిన వృత్తం కోడిగుడ్డులా వస్తోంది. పైగా లేపాక్షి బసవన్నను ఉబ్బెత్తు బొమ్మగా చెక్కాలని చాలాకాలంగా కోరిక. అదే సంస్థ వారి ఆస్పైర్‌కు మారితే ఇవన్నీ తీరుతాయని ఒక మిత్రుడు చెబుతున్నారు. తగ్గింపు ధర ఈ నెలాఖరు వరకేనని ఈ-మెయిల్ కూడా వచ్చింది. మారమంటారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇప్పుడే మారవద్దు. మీరు రాసిన మూడు ఇబ్బందులలో మొదటిది బొమ్మ గీతలో ఉన్నది, రెండోది యంత్రంలో ఉన్నది, మూడోదానికి మాత్రమే సాఫ్ట్‌వేర్‌తో కొంత సంబంధం ఉంది. ఆస్పైర్ పూర్తి ధర రమారమి 2,000 డాలర్లు. వెక్ట్రిక్‌లో కింది స్థాయి నుంచి పై స్థాయికి వెళ్లేవారు ధరల తేడా మాత్రమే చెల్లిస్తారన్నది నిజమే కానీ, మీ విషయంలో ఆ తేడాయే లక్ష రూపాయలు దాటుతుంది. అది మీ యంత్రం ఖరీదుకు కొన్ని రెట్లు.

ముందుగా అక్షరాల సంగతి. ‘లక్ష్మీ నిలయం’ అని రాసినప్పుడు ‘క్ష్మీ’లో అక్షరం, దాని కింది వత్తులు చాలా ఫాంట్లలో విడివిడి గీతలుగా ఉండి ఒకదాని మీద ఒకటి పడతాయి. తెర మీద నల్లగా కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి మన కంటికి తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్ మాత్రం చుట్టుగీతలనే చూస్తుంది గనుక, రెండు చుట్టుగీతలు అతివ్యాపించిన భాగాన్ని ‘ఓ’ అక్షరం నడుమ ఖాళీలాగే వదిలేయవలసిన చోటుగా లెక్కగట్టి, అక్కడికి బిట్‌ను (చెక్కే పనిముట్టును) పంపదు. మీకు మిగిలిపోతున్న చెక్క అదే. దీనికి మందు మీ దగ్గరే ఉంది: అక్షరాలను కర్వ్స్‌గా, అంటే మామూలు గీతలుగా మార్చి, ఒకదానికొకటి తగిలే గీతలన్నింటినీ ఎంచుకొని వెల్డ్ చేయండి, అంటే ఒకే చుట్టుగీతగా కలపండి. ఈ సదుపాయం వీకార్వ్ డెస్క్‌టాప్‌లోనూ ఉంది. బొమ్మలు గీసే కోరల్‌డ్రాలో దాన్ని వెల్డ్ అనే అంటారు, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో యూనియన్ అంటారు. మీరు డీటీపీ సెంటరులో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైపు చేయించుకునేవారైతే, ఫైలును కర్వ్స్‌గా మార్చి వెల్డ్ చేసి ఇమ్మని వారికే చెప్పవచ్చు. ఇది చేయకుండా ఆస్పైర్‌లోకి తెచ్చినా ఆ వత్తు కింద చెక్క అలాగే మిగులుతుంది.

ఇక వృత్తం. 100 మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక వృత్తాన్ని పనికిరాని చెక్క మీద చెక్కించి, వెర్నియర్ కాలిపర్‌తో అడ్డంగానూ నిలువుగానూ కొలవండి. అంచును వేలితో తడిమితే నాలుగు దిక్కులా, అంటే యంత్రం వెనక్కి తిరిగే చోట్ల, చిన్న చదును తగిలితే అది లీడ్‌స్క్రూ (యంత్రాన్ని అటూఇటూ కదిలించే పొడవాటి మర) నట్‌లోని వదులు. ముందుగా మోటారును లీడ్‌స్క్రూకు కలిపే కప్లింగ్ మరలు బిగించి చూడండి, అప్పటికీ పోకపోతే నట్ మార్చండి. అంచు ఎక్కడా చదును లేకుండా నునుపుగానే ఉండి, వృత్తం ఒకవైపు సాగి ఉంటే, కంట్రోలర్‌లోని స్టెప్‌ల లెక్క, అంటే ఒక మిల్లీమీటరు కదలడానికి మోటారు ఎన్ని స్టెప్‌లు వేయాలన్న అంకె, తప్పిందని అర్థం. కంట్రోలర్‌ను నడిపే గ్రబ్ల్ (Grbl) ప్రోగ్రాంలో 100వ సెట్టింగు అడ్డానికి, 101వది నిలువుకు. ఉన్న అంకెను మీరు కోరిన కొలతతో హెచ్చించి, వచ్చిన కొలతతో భాగించండి. ఉదాహరణకు అక్కడ 800 ఉండి, 100 మిల్లీమీటర్లకు 99 మాత్రమే వస్తుంటే, కొత్త అంకె 808.08 అవుతుంది. వదులును తీసిన తరువాతే ఈ లెక్క చేయాలి. ముందే చేస్తే తప్పుడు అంకె పాతుకుపోతుంది.

బసవన్న విషయం వేరు. వీకార్వ్ ఉబ్బెత్తు ఆకారాన్ని తయారు చేయజాలదు. కానీ ఎక్కడైనా తయారైన ఒక త్రీడీ మోడల్‌ను ఎస్‌టీఎల్ (త్రీడీ ఆకారాలను దాచే పద్ధతి) ఫైలుగా తెచ్చుకొని దానికి టూల్‌పాత్, అంటే బిట్ నడవాల్సిన దారి, తీయగలదు. గీసిన గీతల నుంచి మీరే ఆకారాన్ని ఉబ్బించి, మలచి, ఒకదాని మీద ఒకటి పేర్చాలనుకుంటేనే ఆస్పైర్ అవసరం. కాబట్టి బొమ్మను మీరు మలుస్తారా, మలచినదాన్ని తెచ్చుకుంటారా అన్నది ముందు తేల్చుకోవాలి. మలచే పని ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌లోనూ చేయవచ్చు. అలవాటు కావడానికి ఓపిక కావాలి. పాఠాలు చెప్పినవారికి అది కొరత కాదనుకుంటాను.

మరో లెక్క కూడా చూడండి. లేపాక్షి నంది పొడవు సుమారు 27 అడుగులు. మీ బెడ్ (యంత్రంలో చెక్కను బిగించే బల్ల) 300 మిల్లీమీటర్ల పొడవు, 180 వెడల్పు. నందిని అందులోకి దించితే అడుగు 11 మిల్లీమీటర్లకు, అంగుళం ఒక మిల్లీమీటరు లోపుకు కుదించుకుపోతుంది. మెడలోని గంటలు, హారాలు తెలియాలంటే 3 మిల్లీమీటర్ల బాల్‌నోస్ (గుండ్రటి మొన) బిట్ చాలదు, మొన ఒక మిల్లీమీటరుండే సన్నబిట్ కావాలి. బెడ్ మొత్తాన్ని 0.1 మిల్లీమీటరు ఎడంతో నిమిషానికి 1,000 మిల్లీమీటర్ల వేగంతో గీయించినా, 1,800 గీతలకు కలిపి 540 మీటర్ల నడక, అంటే 9 గంటలు. ముందుగా ఎక్కువ చెక్కను తీసేసే గరుకు కోత దీనికి అదనం. ఈ మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలో కూడా ఆలోచించుకోవాలి. ఆస్పైర్ కొన్నంత మాత్రాన ఈ గంటలు తగ్గవు.

అందుచేత మొదట ఏదైనా ఉచిత ఎస్‌టీఎల్ బొమ్మను మీ వీకార్వ్‌లోనే తెరిచి అరచేతి పరిమాణంలో చెక్కించండి. ఆ పని మీకు నచ్చి, సొంత బొమ్మలు మలచాలనిపిస్తే ఆస్పైర్ ట్రయల్ దించుకోండి. అందులో అన్నీ గీసి, తెర మీద ఫలితం చూసుకోవచ్చు, సొంత బొమ్మల టూల్‌పాత్ మాత్రం సేవ్ కాదు. అప్పటికీ కావాలనిపిస్తే కొనండి. ధరల తేడా మాత్రమే కట్టే వీలు నెలాఖరుతో పోదు. మధ్యలో ఉన్న వీకార్వ్ ప్రో గురించి ఎవరైనా చెప్పినా మీకు అక్కరలేదు. డెస్క్‌టాప్‌కున్న ముఖ్యమైన పరిమితి 25 అంగుళాల పని పరిమాణం, మీ బెడ్ అందులో సగం కూడా లేదు.

ప్రశ్న: నా వీకార్వ్ కొని ఏడాది దాటింది. కొత్త వెర్షన్‌కు డబ్బు కట్టకపోతే పాతది ఆగిపోతుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆగదు. కొన్న నాటి నుంచి 12 నెలల వరకు వచ్చే కొత్త వెర్షన్లు ఉచితం, ఆ తరువాత వచ్చేవాటికే రుసుము. మీ దగ్గరున్న వెర్షన్ మీదే. ఒక్క జాగ్రత్త అవసరం: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు. కొత్తది వాడే మిత్రులతో బొమ్మలు ఇచ్చిపుచ్చుకునేవారైతే, వారిని డీఎక్స్‌ఎఫ్ లేదా ఎస్‌వీజీ (గీతలను దాచే ఫైలు రకాలు)గా పంపమనండి.