రెడ్ రాక్ ట్రిప్‌కి వెళ్లాలా, కార్డు బాకీ తీర్చాలా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటాను. వయసు 28, హెచ్1బీ వీసా. రెండేళ్లుగా జిమ్‌లో స్పోర్ట్ క్లైంబింగ్ (తాడు కట్టుకుని గోడ ఎక్కడం) చేస్తున్నాను. నవంబరులో నలుగురం ఐదు రోజులు లాస్ వేగాస్ పక్కనున్న రెడ్ రాక్ కాన్యన్‌కి, అక్కడి కొండరాళ్లు ఎక్కడానికి వెళ్దామనుకుంటున్నాం. తలకి 1,800 డాలర్లు అవుతుందని లెక్క వేశాం. సేవింగ్స్‌లో 9,000 ఉన్నాయి, క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 3,200 బాకీ ఉంది. అద్దె 1,400. హెల్త్ ఇన్సూరెన్స్ డిడక్టబుల్ (ముందు నా జేబులోంచి పెట్టుకోవాల్సింది) 3,000. ఇంటికి నెలకి 500 పంపుతాను, కావాలంటే ఒక నెల ఆపగలను. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండి. కాకపోతే 1,800తో కాదు, కార్డు మీద అంతకన్నా కాదు.

ముందు బాకీ సంగతి. 3,200 మీద 24 శాతమంటే నెలకి 64 డాలర్లు వడ్డీకే పోతున్నాయి. బ్యాంకులో 9,000 పెట్టుకుని ఈ వడ్డీ కట్టడమంటే, డబ్బా నిండా బియ్యం ఉంచుకుని పక్కింట్లో అప్పు తెచ్చుకున్నట్టే. ఈ వారమే తీర్చేయండి.

మిగిలే 5,800 మాత్రం ట్రిప్ డబ్బు కాదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో, దేశం వదలడానికో దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. రెండు నెలల అద్దె 2,800, డిడక్టబుల్ 3,000. కూడితే సరిగ్గా 5,800. దాన్ని ముట్టుకోకండి. నవంబరుకి ఇంకా నాలుగు నెలలుంది కాబట్టి జీతంలోంచి నెలకి 225 పక్కన పెడితే 900 అవుతుంది. ట్రిప్ అందులోనే అయిపోవాలి.

అవుతుందా? ప్రశ్నతో పాటు మీరు పంపిన ఖర్చుల పట్టిక చూశాను. అందులో నలుగురూ తలా ఒక తాడు, తలా ఒక సెట్టు క్విక్‌డ్రాలు (తాడుని రాతికున్న బోల్టుకి తగిలించే కొక్కేల జతలు) రాసుకున్నారు! ఇద్దరికి ఒక తాడు, ఒక సెట్టు చాలు. మీలో ఒకరికి ఇప్పటికే ఉన్నాయట, మిగతాది పంచుకు కొనండి. హెల్మెట్ మాత్రం ఎవరిది వాళ్లకుండాలి. సెకండ్ హ్యాండ్ తాడు చవగ్గా వస్తుందని కొనకండి, అది ఎన్ని పడిపోవడాలు చూసిందో అమ్మేవాడు చెప్పడు.

బస దగ్గర ఇంకో కోత. వేగాస్ హోటళ్లు చూపించే రేటు మీద రోజూ రిసార్ట్ ఫీజు పడుతుంది, శుక్ర, శనివారాల్లో రేటే వేరు. ఆదివారం దిగి గురువారం బయల్దేరండి. కాన్యన్ దగ్గరే క్యాంప్‌గ్రౌండ్ కూడా ఉంది. కాన్యన్ లోపలికి వెళ్లే రోడ్డు, సీనిక్ డ్రైవ్‌లోకి కారుకి రోజుకి 20 డాలర్లు, నాలుగు రోజులకి 80. రెడ్ రాక్ వార్షిక పాస్ 50 డాలర్లే. కాకపోతే అక్టోబరు నుంచి మే దాకా పగలు వెళ్లాలంటే ముందే టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. పాస్ ఉన్నా తప్పదు.

ఇక మీ పట్టికలో అసలు లేనిది వాన. ఎడారిలో వానేమిటంటారేమో. అక్కడిది ఇసుకరాయి. తడిస్తే నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, చేత్తో పట్టుకున్న అంచు విరిగి చేతిలోకి వస్తుంది. వాన పడ్డాక కనీసం ఒక రోజు, గట్టిగా పడితే మూడు రోజులు ఎక్కకూడదు. ఐదు రోజుల ట్రిప్‌లో ఒక్క వాన చాలు, సగం పోతుంది. వెనక్కి రాని డబ్బు కట్టినవాళ్లకే అప్పుడు తడి రాయైనా ఎక్కేద్దామని చెయ్యి దురద పెడుతుంది. అందుకే రద్దు చేసుకోగలిగే బుకింగులే చేయండి, 100 డాలర్లు వాన పద్దు కింద రాసుకోండి. ఎక్కకుండా కూర్చున్న రోజుకి కట్టే డబ్బది. (జిమ్ గోడ మీద మూడో హోల్డ్ దగ్గరే చేతులెత్తేసినవాణ్ణి నేను. నాకు ఈ భయాలు ఎక్కువే.)

ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి నెవాడాలో వాళ్ల నెట్‌వర్క్ ఆసుపత్రులు ఉన్నాయో లేదో అడగండి. 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి అదనపు బిల్లు వేయడానికి వీల్లేదు. ప్లాన్‌లో ఎయిర్ అంబులెన్స్ ఉంటే హెలికాప్టర్‌కీ అదే రూలు. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కి మాత్రం ఆ చట్టం వర్తించదు. హెలికాప్టర్ కంటే ఆ బండి బిల్లే టెన్షన్ పెట్టొచ్చు. క్లైంబర్ల సంఘం అమెరికన్ ఆల్పైన్ క్లబ్ కొన్ని రకాల సభ్యత్వాలతో రెస్క్యూ కవరేజీ వస్తుంది, షరతులు చదివి తీసుకోండి.

ఇంటికి పంపే 500 ఆపకండి. సొంతంగా తాడు కొనకుండా రెండో తాడులో వాటా మాత్రమే పెట్టుకుంటే మిగిలేది, కార్డుకి ఇక కట్టక్కర్లేని వడ్డీ కలిపి చూసుకోండి, ఆపాల్సిన అవసరమే రాదు.