కల్లు తప్ప ముట్టని నాయినను జర్మనీలో పాత ఇంటి బీరు పబ్‌కు తీసుకెళ్ళొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది వనపర్తి. తమ్ముడికి న్యూరెంబర్గ్‌లో ఉద్యోగం. జూన్‌లో నాయినను వెంటబెట్టుకుని వెళ్తున్నారు. వందల ఏళ్ళ నాటి ఇళ్ళలో సొంతంగా బీరు కాచి పోసే పబ్‌లు చూపించాలని తమ్ముడి సరదా. నాయినేమో కల్లు తప్ప ఇంకోటి ముట్టడు. తీసుకెళ్తే ఆయనకు ఇబ్బందా, పైసలు దండగా?

తీసుకెళ్ళండి. కాకపోతే రాత్రి వద్దు, మధ్యాహ్నం పూట వెళ్ళండి. బయల్దేరే ముందు ఇక్కడ చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది, అది కింద చెప్తా.

మాది నకిరేకల్ దగ్గరి పల్లె. నేను ఎర్లాంగెన్‌లో పనిచేసిన రోజుల్లో మా నాయిన వస్తే న్యూరెంబర్గ్ దగ్గరి బాంబెర్గ్ ఊళ్ళో, సొంతంగా బీరు కాచే ష్లెంకెర్లా అనే పాత పబ్‌కు తీసుకెళ్ళా. ఆయనా మీ నాయిన బాపతే. పొద్దుగూకిందంటే తాటివనంలో మండువ కాడ కూర్చోవాల్సిందే. బీరును గ్యాసు నీళ్ళని తీసిపారేసేవాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబెర్గ్‌కు పెద్దగా బాంబుల దెబ్బ తగల్లేదు. అందుకే పాత పట్టణం అట్లనే నిలిచింది, 1993లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ష్లెంకెర్లా ఊరి పెద్ద చర్చి (కేథడ్రల్) గుట్ట కింది వీధిలో ఉంటుంది. ఆ చోటి ప్రస్తావన 1405 నాటి కాగితాల్లోనే ఉంది. బయటి గోడల్లో కట్టె చట్రం కనబడుతుంది. లోపల దూలాలు నల్లగా నిగనిగలాడుతుంటాయి. ఇంకో గది అయితే డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల పాత మఠంలోని భాగం, పైకప్పంతా కమాన్లే. మా నాయిన బీరు సంగతి పక్కనబెట్టి ముందు లేచి స్తంభాన్ని వేలి కణుపులతో కొట్టి చూశాడు. "టేకు కాదు గదరా, ఏం కట్టె ఇది?" ఓకు అని చెప్పా. "మన ఇంట్ల దంతెలన్నీ చెదలు తినె, వీళ్ళయి ఎందుకు తినలే?" ఆ చలిలో చెదల బాధ ఉండదని చెప్తే అప్పుడు కూర్చున్నాడు.

ఆ మాట అన్నాడని కాదుగానీ, మన వైపు గడీలు ఎన్ని కూలిపోలేదు! మీ వనపర్తి సంస్థానం రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది కాబట్టి దానికి ఇంకా అజా పజా చూసేవాళ్ళున్నారు. బాంబెర్గ్‌లోనూ ఇంటిని మ్యూజియం చేసి తాళం వేయలేదు, రోజూ జనం కూర్చుని తిని తాగుతున్నారు. నాకు ఆ పబ్‌లో బీరు కంటే అదే ఎక్కువ నచ్చింది.

ఇక బీరు. గల్లా పక్కన బల్ల మీద ఓకు పీపా అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. మిషన్ లేదు, గ్యాస్ సిలిండర్ లేదు. నల్లా తిప్పితే బరువుకు అదే కిందికి దిగుతుంది. పీపా ఖాళీ కాగానే ఇంకోటి దొర్లించుకొచ్చి, నల్లా పెట్టి, కట్టె సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. మా నాయిన కుర్చీ తిప్పుకుని మరీ అదే చూస్తూ కూర్చున్నాడు. మీ నాయిన కోసం గల్లా కనబడే టేబుల్ దొరికితే అక్కడే కూర్చోండి.

రంగు ముదురు గోధుమ, పైన నురగ. నోట్లో పెట్టుకోగానే పొగ. కట్టెల పొయ్యి మీద పొగచూరిన పాలు తాగి పెరిగినవాళ్ళకు ఆ వాసన కొత్త కాదు. మా నాయిన మొహం చిట్లించి, ఆగి, మళ్ళీ ఒక గుటక వేసి "పాలు పొగచూరినట్టుంది" అన్నాడు. ఒకటో గ్లాసు ఎవరికీ నచ్చదు, మూడోదానికి అలవాటవుతుంది అని అక్కడివాళ్ళే అంటారు. మూడు దాకా పోవాల్సిన పని లేదు, మా నాయిన రెండోది తనే అడిగాడు.

పొగ ఎందుకంటే, బార్లీలో ఉండేది పిండి, చక్కెర కాదు. గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలక ఆగేలా వేడి మీద ఆరబెడితే మాల్ట్ అవుతుంది. పూర్వం యూరప్‌లో చాలాచోట్ల కట్టెల మంట మీదే ఆరబెట్టేవాళ్ళు, పొగ పట్టకుండా ఎట్లా ఉంటుంది? తర్వాత పొగ తగలని బట్టీలు వచ్చి అందరూ మారిపోయారు. బాంబెర్గ్‌లో ష్లెంకెర్లా, ష్పెట్సియాల్ అనే రెండు పబ్‌లు మాత్రం మారలేదు. బీచ్ కట్టెల మంట మీద తమ మాల్ట్ తామే ఆరబెట్టుకుంటారు. కల్లుకు ఈ తతంగమేదీ అక్కర్లేదు. గీసిన చోట కారే రసంలోనే చక్కెర ఉంటుంది, లొట్టిలోనే పులవడం మొదలవుతుంది. ఈ తేడా నాయినకు ముందే చెప్పి తీసుకెళ్తే ఆసక్తిగా చూస్తారు.

బలం సంగతి: మార్ట్సెన్ అనే ఈ ష్లెంకెర్లా పొగ బీరులో ఆల్కహాల్ 5.1 శాతం. మన దగ్గర దొరికే స్ట్రాంగ్ బీర్ల కంటే తక్కువే. అర లీటరు గ్లాసు. ఐసులా చల్లగా ఇవ్వరు, నేలమాళిగ చల్లదనమే. దానికి సణిగేది మనలాంటి ఫ్రిజ్ బీరు బాపతే, కల్లు తాగేవాళ్ళు పట్టించుకోరు.

పొగ అసలే పడకపోతే అదే ఊళ్ళో మార్స్ బ్రాయ్ అనే ఇంకో పబ్‌కు వెళ్ళి "ఆ ఊ" అనండి. నిజంగా అట్లనే ఆర్డర్ చేస్తారు. వడకట్టని బీరు, గ్యాసు చాలా తక్కువ. గ్యాసు నీళ్ళని వెక్కిరించే కల్లు మనిషికి నా లెక్కలో ఇదే సరిపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మీ నాయిన రోజూ తాగే కల్లు ఎక్కడిదో కనుక్కోండి. కళ్ళ ముందు చెట్టు దిగిన కల్లయితే టెన్షన్ లేదు. దుకాణంలో కలిపి పోసే కల్లయితే మాత్రం జాగ్రత్త. అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, పిచ్చి మాటలు మాట్లాడతారు, ఫిట్స్ కూడా రావొచ్చు. పాలమూరు వైపు అట్లా ఆసుపత్రి పాలైనవాళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా! విమానం ఎక్కిన రెండో రోజు న్యూరెంబర్గ్‌లో ఇది మొదలైతే మీ తమ్ముడు భాష రాని ఊళ్ళో అంబులెన్సుల వెంట తిరగాలి. రెండు నెలల ముందే డాక్టరుకు దాచకుండా చెప్పి, ఆయన చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించండి. ఇంట్లో మీకు మీరే బలవంతంగా మాన్పించొద్దు. బీరు దానికి బదులు కాదు. షుగర్, బీపీ గోళీలు వేసుకుంటుంటే బీరు తాగొచ్చా అన్నదీ అప్పుడే అడగండి.

ఆ పబ్‌లలో టేబుళ్ళు పంచుకుంటారు. ఖాళీ ఉందా అని అడిగి తెలియనివాళ్ళ పక్కన కూర్చోవడం మామూలే. ‘ష్టామ్‌టిష్’ అని బోర్డున్న టేబుల్ మాత్రం రోజూ వచ్చేవాళ్ళది, దాని జోలికి పోవద్దు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ వస్తారు, మన బార్ల లాగా చీకటి గుహ కాదు. వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి, మోకాళ్ళ నొప్పులుంటే మంచి బూట్లు వేయించండి.

తిండిలో పంది మాంసం ఎక్కువ. అక్కడ పేరున్న బాంబెర్గ్ ఉల్లిగడ్డ అంటే లోపల పంది కైమా కూరినదే. ఉల్లిగడ్డే కదా అని నాయినకు చెప్పించేరు! తినకపోతే రొట్టె, చీజ్ చెప్పుకోండి. బవేరియాలో (ఈ ఊళ్ళున్న రాష్ట్రం) పాతకాలపు బీరు తోటల్లో, అంటే ఆరుబయట కూర్చుని తాగే చోట్ల, బీరు వాళ్ళ దగ్గర కొనుక్కుని తిండి ఇంటి నుంచి తెచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. జూన్ కాబట్టి అవి తెరిచే ఉంటాయి. మేము తపాల చెక్క చేసుకుని పట్టుకెళ్ళాం. పక్క టేబుల్ ముసలాయన ఒక ముక్క అడిగి మరీ తిన్నాడు, కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

న్యూరెంబర్గ్ నుంచి బాంబెర్గ్‌కు లోకల్ రైలులో గంటలోపే. బయెర్న్ టికెట్ (బవేరియా అంతటికీ చెల్లే రోజు టికెట్) తీసుకుంటే ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా తిరగొచ్చు, పనిదినాల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. కారు మాత్రం వద్దు, తాగినవాళ్ళు నడపకూడదన్నది అక్కడ మాటవరసకు చెప్పేది కాదు.

ఇంటికి సీసాలు తేవచ్చా అని కూడా అడిగారు. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే నాలుగు అర లీటరు సీసాలు. ష్లెంకెర్లాలోనే అమ్ముతారు. బట్టల్లో చుట్టి చెక్ఇన్ బ్యాగులో పెట్టండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు.