రిమోట్‌కు రిమోట్ నేర్పడం: డీటీహెచ్ బాక్స్ గురించి పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా ఇంట్లో టీవీకి ఒక రిమోట్, డీటీహెచ్ సెట్‌టాప్ బాక్స్‌కు మరొక రిమోట్ ఉన్నాయి. రెండింటితో మా అత్తగారు, మామగారు తికమక పడుతున్నందున, వేరే రిమోట్ల బటన్లను నేర్చుకునే యూనివర్సల్ రిమోట్ ఒకటి కొన్నాము. బాక్స్ రిమోట్‌ను ఎదురుగా పెట్టి ఒక్కొక్క బటన్ నేర్పాము. చాలావరకు పనిచేస్తున్నాయి గాని కొన్ని అసలే పలకడం లేదు. అంకెలలో ఒకే అంకెను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఒక్కసారే పడుతోంది. 155 కొడితే 15వ ఛానల్‌కు పోతోంది. లోపం రిమోట్‌దా, బాక్స్‌దా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లోపం రెండింటిలోనూ ఉన్నట్టు తోచడం లేదు. మీరు చెప్పిన రెండు ఇబ్బందులకు కారణాలు వేరు వేరు. అవి తెలియాలంటే లెర్నింగ్ రిమోట్ నిజంగా ఏమి నేర్చుకుంటుందో ముందుగా చూడాలి. రిమోట్ కొనన ఉండే చిన్న ఎల్‌ఈడీ కంటికి కనిపించని పరారుణ కాంతిని, సాధారణంగా 940 నానోమీటర్ల చేరువలో, సెకనుకు 36 వేల నుంచి 40 వేల సార్లు వెలిగిస్తూ ఆర్పుతూ పంపుతుంది. ఆ మిణుకు ఎంతసేపు సాగింది, నడుమ ఎంత విరామం వచ్చింది అన్న వరుసను బట్టి ఏ బటన్ నొక్కారో బాక్స్ గుర్తిస్తుంది. లెర్నింగ్ రిమోట్ ఆ వరుసను కొలిచి దాచుకుంటుంది, అంతే. అది వాల్యూమా, ఛానలా, ఏ కంపెనీ బాక్సా అన్నది దానికి తెలియదు. అర్థం తెలియకుండా పద్యం బట్టీపట్టిన పిల్లవాడిలాగా విన్నది విన్నట్టు అప్పజెబుతుంది. వినేటప్పుడు ఒక ముక్క జారిపోతే అప్పజెప్పేటప్పుడూ అది జారిపోయే ఉంటుంది.

పలకని బటన్ల విషయంలో జరిగింది బహుశా ఇదే. ఉదాహరణకు, ఎన్నో పరికరాలు వాడే ఎన్‌ఈసీ అనే సంకేత పద్ధతిలో, బటన్ నొక్కగానే 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల విరామం, వాటి వెనుక 32 బిట్ల (సున్నాలు, ఒకట్ల వరుస) అసలు సంకేతం ఒక్కసారి వెళతాయి. వేలు తీయకుండా నొక్కి ఉంచితే ఆ సంకేతం మళ్లీ రాదు; ‘ఇంకా నొక్కే ఉన్నారు’ అని తెలిపే పొట్టి సంకేతం మాత్రం సుమారు 110 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వస్తూ ఉంటుంది. కొత్త రిమోట్ సిద్ధం కాకముందే పాత రిమోట్ బటన్ నొక్కి పట్టుకున్నారనుకోండి, అసలు సంకేతం దాటిపోయి ఈ పొట్టి సంకేతమే దానికి చిక్కుతుంది. దీపం మాత్రం మెరిసి, నేర్చుకున్నట్టే చూపిస్తుంది.

కాబట్టి ఆ బటన్లను మళ్లీ నేర్పండి. మార్కెట్లో దొరికే చాలా లెర్నింగ్ రిమోట్లలో సెట్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే ఎర్రదీపం నిలకడగా వెలుగుతుంది; అప్పుడు నేర్పవలసిన బటన్‌ను కొత్త రిమోట్‌పై ఒకసారి నొక్కి, దీపం మారిన తరువాతనే పాత రిమోట్‌పై దానికి సరిపోయే బటన్‌ను నొక్కాలి. దీపం కొన్నిసార్లు మినుకుమంటే పని అయినట్టు. మోడల్‌ను బట్టి ఈ వరుస కొద్దిగా మారుతుంది కనుక, పెట్టెలో వచ్చిన కాగితాన్ని పారేయకుండా చూసుకోండి. రెండు రిమోట్లను బల్లపై ఒకే ఎత్తులో, ముక్కుకు ముక్కు ఎదురుగా, రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. చేతుల్లో పట్టుకుని నేర్పితే గురి కదులుతుంది. మరీ ఆనించి పెట్టినా వెలుగు ఎక్కువై కొలత చెడుతుంది. కిటికీలోంచి ఎండ పడే చోట, సీఎఫ్‌ఎల్ బల్బు కింద ఈ పని పెట్టుకోవద్దు; వాటి వెలుగులోనూ పరారుణం ఉంటుంది. అన్నిటికంటే ముందు రెండింటిలోనూ కొత్త సెల్లు వేయండి. పాత రిమోట్ వెలుగు పంపుతోందో లేదో అనుమానమైతే, దాని కొనను ఫోన్ కెమెరాకు చూపి బటన్ నొక్కండి. తెరపై తెల్లగానో ఊదాగానో మెరుపు కనిపిస్తుంది. వెనుక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాలో చూడండి, ఎందుకంటే కొన్ని ఫోన్ల వెనుక కెమెరాలు ఈ వెలుగును అడ్డుకుంటాయి.

ఇక 155 సంగతి. ఒక బాక్స్ రిమోట్ సాధారణంగా ఒకే పద్ధతి వాడుతుంది; మీది బహుశా ఎన్‌ఈసీ కాక, ఫిలిప్స్ కంపెనీ రూపొందించిన ఆర్‌సీ-5, ఆర్‌సీ-6 వంటిది కావచ్చు. ఆర్‌సీ-5 సంకేతంలోని 14 బిట్లలో ఒకటి ప్రతి కొత్త నొక్కుకూ సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకు మారుతుంది. ఆ బిట్ మారితే వేలు ఎత్తి మళ్లీ నొక్కారని, మారకపోతే అదే నొక్కు కొనసాగుతోందని బాక్స్ లెక్కవేస్తుంది. మీ కొత్త రిమోట్ నేర్చుకున్నప్పుడు ఆ బిట్ ఏ విలువలో ఉందో ఎప్పటికీ అదే పంపుతుంది గనుక, మీరు రెండుసార్లు నొక్కిన 5 బాక్స్‌కు ఒక్క పొడుగాటి 5 లాగా వినిపిస్తుంది. 1, 5 వేరు వేరు అంకెలు కాబట్టి వాటి మధ్య ఈ చిక్కు రాదు.

దీనికి నాకు నచ్చిన పరిష్కారం, ఆ రిమోట్‌లో కంపెనీ ముందే నింపిన కోడ్‌లు ఉంటే, మీ బాక్స్‌కు సరిపోయే కోడ్‌ను ఎంచుకోవడం. అలాంటి కోడ్ ఆ బిట్‌ను తానే మారుస్తూ పంపుతుంది. అందులో లేని ఒకటి రెండు బటన్లను మాత్రమే నేర్పుకుంటే సరిపోతుంది. కోడ్ దొరకకపోతే మరో ఉపాయం ఉంది. 5 బటన్‌కు 5 నేర్పిన వెంటనే, మధ్యలో పాత రిమోట్‌పై మరే బటనూ నొక్కకుండా, కొత్తదానిలోని వాడని రంగు బటన్‌కు కూడా అదే 5 నేర్పండి. పాత రిమోట్ రెండోసారి పంపిన సంకేతంలో ఆ బిట్ తిరగబడి ఉంటుంది కనుక, 1, 5, ఆ తరువాత రంగు బటన్ నొక్కితే 155 వస్తుంది. పనిచేస్తుంది గాని, పెద్దవారికి గుర్తుండే ఏర్పాటు కాదు.

అసలు మీ అవసరానికి ఈ దారి ఎందుకని నా అనుమానం. డీటీహెచ్ కంపెనీలు ఇచ్చే రిమోట్లలో అనేకం టీవీ పవర్, వాల్యూమ్, సోర్స్ వంటి నాలుగైదు బటన్లను నేర్చుకునే ఏర్పాటుతోనే వస్తున్నాయి. బాక్స్‌లోని ముప్పైకి పైగా బటన్లను వేరొక రిమోట్‌కు నేర్పడం కంటే, టీవీలోని ఆ నాలుగింటినీ బాక్స్ రిమోట్‌కు నేర్పడం తేలిక. పైగా అంకెలు నొక్కేది బాక్స్ సొంత రిమోట్ అవుతుంది కాబట్టి 155 తగాదా పుట్టనే పుట్టదు. టీవీ రిమోట్‌ను బీరువాలో పెట్టేయవచ్చు.

ప్రశ్న: బాక్స్ అసలు రిమోట్ పోయింది. లెర్నింగ్ రిమోట్‌కు దేనిని చూసి నేర్పాలి?
— ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఒకే మోడల్ బాక్సుల రిమోట్లు సాధారణంగా ఒకే సంకేతాలు పంపుతాయి, కాబట్టి అదే కంపెనీ, అదే మోడల్ బాక్స్ ఉన్న పొరుగువారి రిమోట్‌ను గంటసేపు అడిగి తెచ్చుకుంటే చాలు. అది కుదరకపోతే, షావొమీ వంటి కొన్ని ఫోన్లలో పైఅంచున పరారుణ ఎల్‌ఈడీ ఉంటుంది. రిమోట్ యాప్‌లో మీ బాక్స్‌ను ఎంచుకుని, ముందు ఆ ఫోన్‌తోనే బాక్స్ నడుస్తోందని నిర్ధారించుకున్నాక, ఫోన్‌నే గురువుగా పెట్టి నేర్పించండి. ఇవేవీ లేకపోతే బాక్స్ అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకుని దుకాణంలో అదే నంబరుకు సరిపోయే రిమోట్ అడగండి. అప్పుడిక లెర్నింగ్ రిమోట్ అవసరమే ఉండదు.

ప్రశ్న: మా కొత్త ఆండ్రాయిడ్ బాక్స్ రిమోట్‌ను ఎంత దగ్గర పెట్టినా లెర్నింగ్ రిమోట్‌లో దీపం కదలడం లేదు. కారణం?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ బాక్స్ రిమోట్‌లో మైకు గుర్తు ఉన్న బటన్ ఉంటే, అది బ్లూటూత్‌తో పనిచేసేది కావచ్చు. బ్లూటూత్ రేడియో తరంగం. కాంతిని మాత్రమే చూడగల లెర్నింగ్ రిమోట్‌కు అది కనిపించదు. అయితే అలాంటి రిమోట్లలో కొన్ని పవర్ బటన్‌ను పరారుణంతోనే పంపుతాయి. ఫోన్ కెమెరా ముందు ఒక్కొక్క బటన్ నొక్కి చూడండి. మెరుపు కనిపించినవాటిని నేర్పవచ్చు, మిగిలినవాటిపై సమయం వృథా చేయవద్దు.

ప్రశ్న: సెల్లు మార్చితే నేర్పినదంతా పోతుందా?
— ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఇప్పటి రిమోట్లలో చాలావరకు పోదు, సెల్లు తీసినా నిలిచే మెమరీ వాడుతున్నారు. పాతరకం వాటిలో పోవచ్చు. అలాంటిదైతే కొత్త సెల్లు చేతిలో ఉంచుకుని క్షణాల్లో మార్చండి. ఏదైనా సరే, నేర్పడం పూర్తయ్యాక అసలు రిమోట్‌ను పారేయకండి. దానిలోని సెల్లు తీసి దాచండి, లేకుంటే అవి కారి లోపలి స్ప్రింగులను తినేస్తాయి.