డాక్టరుకి మీ బాబాయి సంగతి చెప్పావా?

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. డిప్రెషన్ మందు మొదలుపెట్టి మూడు వారాలైనా మనసు అలాగే ఉంది, పైగా కడుపులో తిప్పుతోంది, అమ్మేమో మాత్రలు మానేసి ప్రకృతి చికిత్స ఆశ్రమానికి పదమంటోంది, ఏం చేయను పెద్దమ్మా అని అడిగావు. సర్కారు ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ చూసినవే చెబుతాను. డాక్టర్ని కాను కాబట్టి మోతాదు జోలికి పోను.

మీ అమ్మ మాటలో నిజం లేకపోలేదు. 1999లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు డిప్రెషన్ ఉన్న 156 మంది పెద్దవయసు వాళ్ళని తీసుకుని కొందరి చేత వ్యాయామం చేయించారు, కొందరికి సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర ఇచ్చారు, మిగతావాళ్ళకి రెండూ. 16 వారాలయ్యేసరికి మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి, కాకపోతే మాత్ర వేసుకున్నవాళ్ళకి గుణం ముందుగా కనిపించింది. తేలికపాటి డిప్రెషన్‌కి మొదటే మాత్ర రాయొద్దని ఇంగ్లండు వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మరి నీది తేలికపాటిదా? స్నానానికి కూడా లేవలేని స్థితికి వచ్చావు. నేను లేకపోతే అందరికీ హాయి అని నాతోనే అన్నావు. ఇంత దూరం వచ్చాక నడకతో సరిపెట్టుకోమని నేననలేను. నడువు, మాత్రా వేసుకో.

సెరటోనిన్ కథంతా బూటకం అంటూ నువ్వు పంపిన వీడియో చూశాను. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్‌కి కారణం అనడానికి గట్టి ఆధారం దొరకలేదని 2022లో లండన్ పరిశోధకులు రాసిన మాట నిజమే. కానీ మందు ఎలా పనిచేస్తుందన్నది వేరు, పనిచేస్తుందా లేదా అన్నది వేరు. జబ్బు ముదిరినవాళ్ళలో దాని లాభం బాగానే కనిపిస్తుంది, తేలికగా ఉన్నవాళ్ళలో అంతగా కనిపించదు. మూడు వారాలకే తీర్పు చెప్పేయకు, నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. కడుపు తిప్పడం చాలామందికి మొదటి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. ఏదైనా తిన్నాక మాత్ర వేసుకుంటే కొంత నయం. ఇంకొకటి, ఇంట్లో ఎవరూ నీకు చెప్పరు: ఈ మందులతో దాంపత్య కోరిక తగ్గడం మామూలే. నీకూ అలా అనిపిస్తే సిగ్గుపడకుండా అడుగు, దానికి మార్గాలున్నాయి.

నీ చీటీలో రెండు రకాలున్నాయి. మనవాళ్ళు రెండింటినీ నిద్రమాత్రలే అంటారు, భయమంతా అక్కడే పుడుతుంది. అలవాటు పడేది రాత్రి వేసుకునే ఆ చిన్నది, క్లోనజెపామ్. దాన్ని రెండు వారాలకే రాశారన్నావు, మరి మూడో వారంలో ఎక్కడిది? షాపువాడు స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేస్తాడు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క వాడి దగ్గరే ఉండిపోతుంది, చీటీ చూపించమని అడగడు. ఆ ముక్కలతో ఏళ్ళకేళ్ళు గడిపినవాళ్ళని చూశాను. ఇప్పుడే డాక్టరుకి చెప్పు, కానీ రాత్రికి రాత్రి మానకు.

పొద్దున వేసుకునే డిప్రెషన్ మాత్ర ఎసిటలోప్రామ్ కోసం మనిషి అల్లాడిపోడు, అయినా ఠక్కున ఆపితే ఒళ్ళు ఒప్పుకోదు. తల తిరగడం, చిరాకు, పిచ్చి కలలు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వస్తాయి. అది చూసి జబ్బు తిరగబెట్టిందని ఇంటివాళ్ళు హడలిపోతారు. బాగుపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా దించుకోవాలి. ఆశ్రమంలో మొదటి రోజే ఇంగ్లీషు మందులు ఆపేయమంటే మాత్రం సంచీ సర్దుకుని వచ్చేయి.

నీ స్నేహితురాలు అమెరికా నుంచి తెప్పించిన సెయింట్ జాన్స్ వోర్ట్ గుళికలు మూత కూడా తీయకు. మొక్క మందే కదా అనుకోవద్దు, ఎసిటలోప్రామ్‌తో కలిస్తే వణుకు, చెమటలు, జ్వరం పట్టుకుని ప్రాణం మీదికి రావచ్చు. మామూలు దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తోనూ, నొప్పి మాత్ర ట్రమడాల్‌తోనూ ఇదే చిక్కు. నెలసరి నొప్పికి వేసుకునే మెఫెనమిక్ మాత్ర దీనితో కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, అడగకుండా వేసుకోకు. మీ అమ్మ ఇచ్చిన అశ్వగంధ చూర్ణం డబ్బా కూడా డాక్టరుకి చూపించు. అది థైరాయిడ్‌ని కదిలిస్తుంది, కొందరిలో కాలేయం దెబ్బతింది. అసలు నీకు థైరాయిడ్, బీ12 విటమిన్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేశారా? మాంసం ముట్టని ఇంట్లో బీ12 చూడకపోతే ఎలా?

ఇక మీ బాబాయి సంగతి. మీ ఇంట్లో ఎవరూ ఎత్తరు గానీ నీ జబ్బుకి అది కావాలి. పెళ్ళయిన ఏడాది ఆయన నాలుగు రాత్రులు కన్ను మూయకుండా ఇల్లంతా సున్నం వేశాడు. పొలం తాకట్టు పెట్టి రెండు ట్రాక్టర్లకి బయానా ఇచ్చొచ్చాడు. ఊరంతా పిలిచి భోజనాలు పెట్టాడు. ఆ తర్వాత ఆరు నెలలు మంచం దిగలేదు. దాన్ని బైపోలార్ అంటారు. అది రక్తంలో ఉన్న ఇంట్లో డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి ఆ నిద్రలేని ఉద్రేకం వైపు ఎగిరిపోవచ్చు, అప్పుడు వాడే మందులే వేరు. ఇంటర్ పరీక్షలప్పుడు నువ్వు వారం రోజులు నిద్ర లేకుండా గలగలా మాట్లాడుతూ తిరిగావు, అదీ చెప్పు. పరీక్షల ఒత్తిడో మరొకటో డాక్టరు తేలుస్తాడు. మీ నాన్న పరువు గురించి నేను చూసుకుంటాను.

నీకు 23. 24 ఏళ్ళ వరకు ఉన్నవాళ్ళలో ఈ మందులు మొదలుపెట్టినప్పుడూ మోతాదు మార్చినప్పుడూ చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2007 నుంచి మందు వివరాల పత్రంలో గడి కట్టి మరీ హెచ్చరిక వేయిస్తోంది. కాలు నిలవని అలజడి, అస్సలు నిద్ర పట్టకపోవడం, ఆ ఆలోచనలు ఎక్కువవడం, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకు. డాక్టరుకి ఫోన్ చెయ్యి, దొరక్కపోతే దగ్గరున్న ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళు. ఏ అర్ధరాత్రయినా 14416కి చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. నాకూ చెయ్యి. ఆ మందులు నీ గదిలో కాకుండా నీ రూమ్మేట్ దగ్గర పెట్టించు.

షాకులు పెడతారని మీ అమ్మ భయపడుతోందట. నీకు ఆ ప్రస్తావనే రాలేదు. వచ్చినా మత్తు ఇవ్వకుండా షాక్ పెట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

గురువారం వెళ్ళేటప్పుడు ఇంట్లో మింగేవన్నీ, చూర్ణంతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళు. మీ అమ్మకి రేపు నేనే ఫోన్ చేస్తాను. ఆశ్రమం వాళ్ళు మందు మాన్పించకుండా ఉంటారంటే యోగాకి నేనూ నీతో వస్తాను, నా మోకాళ్ళకీ మంచిది.

మీ పెద్దమ్మ