బోసి చేతులు ఎవరు ఉండమన్నారు తల్లీ? కొత్తగా ముస్లిం అయిన వాళ్ళ ఉత్తరాలకి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో నేను ఇస్లాం తీసుకుని తొమ్మిదేళ్ళయిందని ఒక్క లైన్ రాశా, ఆ లైన్ పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి పైగా బట్టల గురించే, ఏం కట్టుకోవాలి ఎంత కప్పుకోవాలి ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పాలి అని. నేను ఆలిమాని, అంటే మతం చదువుకున్న పండితురాలిని కాదు, ఫత్వా కావాలంటే చదువుకున్న వాళ్ళనే అడగండి. తెనాలి పక్క పల్లెలో పుట్టి ఇప్పుడు హైదరాబాద్ టోలిచౌకిలో ఉంటున్న ఒక అక్క చదివి, పడి, తెలుసుకున్నది మాత్రం చెప్తా.

ప్రశ్న: అక్కా, అస్సలాము అలైకుమ్. నాకు 24 ఏళ్ళు, విజయవాడలో ఒక షాపులో బిల్లింగ్‌లో చేస్తా, జీతం 16 వేలు. షహాదా (ఇస్లాంలోకి వచ్చే సాక్ష్యం మాట) చెప్పి నాలుగు నెలలయింది. తెలిసినామె ఒకరు పాత బట్టలన్నీ ఎవరికైనా ఇచ్చేసి దుబాయ్ అబాయాలు (బట్టల మీద తొడుక్కునే వదులు పొడుగు గౌన్లు) నాలుగు కొనుక్కో అంటున్నారు, ఒక్కోటి రెండున్నర వేలంట. ఇప్పటిదాకా కొనలేకపోయా, తప్పు చేస్తున్నానేమోనని నిద్ర పట్టట్లేదు. ఇక చీర కట్టుకోకూడదా?

జవాబు: వ అలైకుముస్సలామ్ చెల్లీ. ముందు ఆ బట్టలు ఎవరికీ ఇవ్వకు. పదహారు వేల జీతంలో పదివేలు పెట్టి అబాయాలు కొనమని అల్లా నిన్ను అడగలేదు, ఆ మాట గట్టిగా పట్టుకో, ఈ రాత్రికి పడుకో.

ఖుర్ఆన్‌లో నూర్ సూరా (అధ్యాయం) 31వ ఆయతు (వాక్యం) తెలుగు అనువాదంలోనే చదువు, ఇప్పుడు బోలెడు దొరుకుతున్నాయి. ఆడవాళ్ళు చూపు దించుకోవాలి, తలగుడ్డని ఛాతీ మీదకి వేసుకోవాలి, సింగారం పరాయి మగవాళ్ళ ముందు చూపించకూడదు అని ఉంటుంది. అహ్‌జాబ్ సూరా 59లో పైవస్త్రం కప్పుకోమని ఉంటుంది. రంగు పేరు లేదు, దేశం పేరు లేదు. వీటి నుంచి పండితులు చెప్పేది ఏంటంటే ముఖం, మణికట్టు దాకా చేతులు తప్పించి మిగతా ఒళ్ళు కప్పాలి, గుడ్డ లోపలిది కనపడేంత పల్చగా ఉండకూడదు, ఒంటికి అతుక్కుని ఆకారం తెలియకూడదు. ముఖం కూడా కప్పాలనే పండితులు ఉన్నారు, పాదాల విషయంలో కూడా వేరే వేరే అభిప్రాయాలు ఉన్నాయి, అవి నెమ్మదిగా చదువుకుందువులే.

ఇక చీర. గుంటూరు, ప్రకాశం, కడప పల్లెల్లో తెలుగు ముస్లిం ఆడవాళ్ళు తరతరాలుగా చీర కట్టి తలమీద కొంగు వేసుకుంటూనే ఉన్నారు కదమ్మా, నూర్‌బాషా వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడేది కూడా తెలుగే, వాళ్ళెవరూ దుబాయ్ నుంచి తెప్పించుకోలేదు. చీరతో ప్రాబ్లం చీర కాదు, జాకెట్టు. నడుము కనపడకుండా తుంటి దాకా వచ్చే పొడుగు జాకెట్టు, మణికట్టు దాకా చేతులు, అంతే తేడా. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సరిపోదు దానికి, టూ బై టూ రూబియా రెండు మీటర్లు విడిగా తీసుకుని కుట్టించుకో. నలుపు, తెలుపు, ముదురు మెరూన్ మూడు కుట్టించుకుంటే నీ బీరువాలో ఉన్న చీరలన్నిటికీ తిప్పి తిప్పి వేసుకోవచ్చు. కొంగు ఒక్కటే తలమీద నిలవదు, పనిలో వంగినప్పుడల్లా జారిపోద్ది, కాబట్టి లోపల చిన్న కాటన్ స్కార్ఫ్ కట్టుకుని పైన కొంగు వేసుకో.

డ్రెస్సులు ఉంటే ఇంకా ఈజీ. నీకు పక్కనే మంగళగిరి ఉంది, ఆ నేత కాటన్‌లో పల్చన కానిది చూసి వదులుగా మోకాలి కిందకి కుట్టిస్తే దానికి మించిన బట్ట వేసవికి లేదని నా నమ్మకం, నిజాం బోర్డర్ వేసినవి ఎంత హుందాగా ఉంటాయో. కొనే ముందు గుడ్డని షాపు బయట వెలుతురుకి పట్టుకుని అవతల నీ చెయ్యి పెట్టి చూడు, వేళ్ళు లెక్కపెట్టగలిగితే లైనింగ్ వెయ్యాల్సిందే. చున్నీ రెండున్నర మీటర్లు ఉంటే తలా ఛాతీ రెండూ కప్పొచ్చు. జార్జెట్, షిఫాన్ చూట్టానికి బాగుంటాయి కానీ కొత్తల్లో జారిపోయి పది పిన్నులు పెట్టాల్సొస్తుంది, వాయిల్ కాటన్‌తో మొదలుపెట్టు, లోపల కాటన్ క్యాప్ వేసుకుంటే జుట్టు కదలదు. తడి జుట్టు మీద మాత్రం ఎప్పుడూ కట్టకు, వాసనొస్తుంది, చుండ్రు పట్టుద్ది.

నేను నీలాగే భయపడి మొదటి నెలలోనే పత్తర్‌గట్టీ వెళ్ళి నల్లటి పాలిస్టర్ అబాయా కొన్నా. మే నెల అది, మధ్యాహ్నం రెండింటికి మెహదీపట్నం బస్టాపులో కళ్ళు తిరిగి కూలబడిపోయా. ఎవరో పెద్దావిడ, ఆవిడా బుర్ఖాలోనే ఉంది, మంచినీళ్ళు తాగించి నా చేతి మీది గుడ్డ పట్టుకు చూసి బేటీ ఇది చలికాలం గుడ్డ, కాటన్ వేస్కో అంది. అబాయా వద్దని చెప్పట్లేదు, నేను ఇప్పుడు రోజూ అబాయానే వేసుకుంటా, ఒకటి తొడుక్కుంటే లోపల ఏమున్నా పర్లేదు అనే సుఖం దాన్లో ఉంది. డబ్బులు కూడినప్పుడు ఒక్కటి కొనుక్కో, గాలాడేది చూసి.

ఒకటి చెప్పాలనిపిస్తోంది. హానా తజీమా అని బ్రిటన్ డిజైనర్, ఆమె కూడా మన లాగే తర్వాత ఇస్లాంలోకి వచ్చిందే, 2015లో యునిక్లో కంపెనీతో కలిసి నిండుగా ఉండే బట్టలు తెచ్చింది, అందులో మలేషియా, ఇండోనేషియా ఆడవాళ్ళు ఎప్పట్నుంచో వేసుకునే కెబాయా కూడా ఉంది. వాళ్ళకి కెబాయా ఎలాగో మనకి మంగళగిరి అలాగే అనుకో. అంతెందుకు, మన చీరాల, పుట్టపాక నేతగాళ్ళు నూలుని నూనెలో నానబెట్టి నేసిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్ దేశాలకి తలగుడ్డలుగా వెళ్ళేవి. వాళ్ళు మన గుడ్డ తలకి చుట్టుకున్నారు, మనం మన గుడ్డ వదిలెయ్యడం ఎందుకు చెల్లీ.

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర. అమ్మానాన్న, అన్నయ్య హిందువులే, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఇంట్లో కూడా పొద్దస్తమానం తల కప్పుకోవాలా? పండక్కి మేనమామ, బావ వాళ్ళు వస్తారు, అప్పుడెలా?

జవాబు: ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీనికి జవాబు పుస్తకాల్లో అరబ్ చుట్టరికాలతో ఉంటుంది, మన తెలుగు వరసల్లోకి మార్చుకునే పని మనమే చెయ్యాలి. నీ నాన్న, సొంత అన్నయ్య నీకు మహ్రమ్, అంటే ఎప్పటికీ పెళ్ళి కుదరని రక్తసంబంధం. వాళ్ళు హిందువులైనా సరే. వాళ్ళ ముందు తల కప్పుకోనక్కర్లేదు, మామూలుగా ఇంట్లో నిండుగా ఎలా ఉంటామో అలా ఉండు. ఈ ఒక్క సంగతి తెలీక ఎంతమంది పిల్లలు సొంత నాన్న ముందు కూడా ముసుగేసుకుని ఆయన మనసు కష్టపెట్టారో.

మేనమామ దగ్గర మనకి గందరగోళం. మన వైపు మేనమామని పెళ్ళి చేసుకునే ఆచారం ఉంది కాబట్టి ఆయన పరాయి అనుకుంటాం. ఇస్లాంలో నిసా సూరా 23వ ఆయతు ప్రకారం అక్కచెల్లెళ్ళ కూతుర్ని చేసుకోవడం హరామ్, అంటే నిషిద్ధం, కాబట్టి అమ్మ సొంత తమ్ముడు నీకు మహ్రమే, ఆయన ముందు తల కప్పుకోనక్కర్లేదు. బావ అలా కాదు, పెళ్ళి చేసుకోదగ్గ వరసే కాబట్టి ఆయన ముందు కప్పుకోవాలి. మనం ఒకే పిలుపుతో ఇద్దర్ని పిలుస్తాం చూడు, అక్కడ జాగ్రత్త. బాబాయి అంటే నాన్న తమ్ముడూ కావచ్చు, పిన్ని మొగుడూ కావచ్చు, మొదటాయన మహ్రమ్, రెండో ఆయన కాదు. పెదనాన్నా అంతే, మామయ్యా అంతే, మేనత్త భర్త మహ్రమ్ కాదు. పెద్దమ్మ కొడుకుని నోరారా అన్నయ్యా అంటాం, చిన్నప్పట్నుంచి ఒకే మంచం మీద కొట్టుకుని పెరిగి ఉంటాం, అయినా లెక్క ప్రకారం కప్పుకోవాల్సిందే. నాకు అన్నిట్లోకి కష్టమైంది ఇదే, మా పెద్దమ్మ కొడుకు మొదటిసారి నన్ను అలా చూసి ఏంటే నేను పరాయివాణ్ణా అన్నప్పుడు గొంతు పట్టేసింది. నువ్వు నా అన్నయ్యవే, ఇది నా నమాజులాగా నాకూ దేవుడికీ మధ్యది, నీ మీద కోపం కాదు అని చెప్పా. రెండేళ్ళు పట్టింది వాడికి. ఇప్పుడు ఇంటికొస్తే గుమ్మం బయటే నిలబడి దగ్గుతాడు, నేను చున్నీ వేసుకునే టైమ్ ఇస్తాడన్నమాట.

పండక్కి ఇల్లంతా జనం ఉంటారు కాబట్టి తీస్తూ వేస్తూ ఉండకుండా ఒక మెత్తటి కాటన్ చున్నీ పొద్దున్నే వేసుకో, వంటగదిలో పొయ్యి దగ్గర మాత్రం కొసలు వెనక్కి ముడెయ్యి.

ప్రశ్న: హైదరాబాద్‌లో స్కూటీ మీద ఆఫీసుకి వెళ్తా. అబాయాతో బండి నడపడం భయంగా ఉంది. ఆఫీసులో వుజూ (నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం), నమాజు ఎలా మేనేజ్ చెయ్యాలి? నెయిల్ పాలిష్ తీసెయ్యాలా?

జవాబు: భయం ఉండటమే మంచిది. చున్నీ, అబాయా అంచు చక్రంలో పడి ప్రాణాలు పోయిన కేసులు మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. బండి మీద అబాయా వద్దు, వదులు ప్యాంటు మీద మోకాలి కిందకి వచ్చే పొడుగు కోటు లాంటిది కుట్టించుకో, స్కార్ఫ్ కొసలు రెండూ కోటు లోపలికి దోపెయ్యి. హెల్మెట్ కింద పల్చని కాటన్ ఒక్క చుట్టే ఉండాలి, మడతలూ పిన్నులూ ఉంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పడినప్పుడు పిన్ను గుచ్చుకుంటుంది. పార్కింగ్‌లో దిగాక కావాలంటే అబాయా తొడుక్కో.

జుహర్, అంటే మధ్యాహ్నం నమాజు, లంచ్ టైమ్‌లో అయిపోతుంది, అందులో తప్పనిసరిగా చెయ్యాల్సిన నాలుగు రకాత్‌ల (వరసల) ఫర్జ్ ఐదారు నిమిషాలు. వుజూలో కాళ్ళు కడగడమే ఆఫీసుల్లో ఇబ్బంది, సింక్‌లో కాలు పెడితే మిగతావాళ్ళు మొహం చిట్లిస్తారు, అందుకని డ్రాయర్‌లో ఒక చిన్న మగ్గు, రబ్బరు చెప్పులు, నాప్‌కిన్ పెట్టుకుని బాత్రూంలోకి తీసుకెళ్ళు, తర్వాత నేల తుడిచి రా. తల తుడుచుకోవడానికి స్కార్ఫ్ మొత్తం విప్పక్కర్లేదు, తడి చెయ్యి లోపలికి పోనిచ్చి తుడుచుకోవచ్చు. మామూలు నెయిల్ పాలిష్ ఉంటే నీళ్ళు గోరుకి తగలవు కాబట్టి వుజూ కాదు. నెలసరిలో నమాజు లేని ఆ నాలుగైదు రోజులు వేసుకుని తర్వాత తీసేసేవాళ్ళు ఉన్నారు. నేనైతే గోరింటాకే.

ప్రశ్న: నేను మగవాణ్ణి, కర్నూలు. బట్టల రూల్స్ అన్నీ ఆడవాళ్ళకేనా, మాకేం లేవా?

జవాబు: ఉన్నాయి తమ్ముడూ, అడిగినందుకు సంతోషం. నూర్ సూరాలో ఆడవాళ్ళ ఆయతుకి ముందు ఆయతు, 30వది, మగవాళ్ళని చూపు దించుకోమని చెప్తుంది, అది ముందు వచ్చింది చూడు. బొడ్డు నుంచి మోకాలి దాకా కప్పి ఉండాలి, కాబట్టి వీధిలో లుంగీ మోకాలి పైకి ఎగ్గట్టడం మానెయ్. బంగారం, పట్టు మగవాళ్ళకి లేవు, నిశ్చితార్థం ఉంగరం బంగారందైతే వెండి చేయించుకో. పట్టు పంచె బదులు నూలు పంచె.

ప్రశ్న: పేరు మార్చుకోకపోతే ముస్లిం కానట్టేనా? సర్టిఫికెట్లన్నీ పాత పేరుతో ఉన్నాయి. స్కార్ఫ్‌తో పాస్‌పోర్ట్ ఫోటో ఒప్పుకుంటారా?

జవాబు: పేరు మార్చుకోవడం షరతు కాదు. పేరుకి చెడ్డ అర్థం ఉంటేనో, దేవుడికి తప్ప ఇంకొకరికి దాసి అనే అర్థం ఉంటేనో మార్చుకోమంటారు, లేకపోతే అమ్మానాన్న పెట్టిన పేరు హాయిగా ఉంచుకో. మార్చాలనుకుంటే అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజెట్ ఉంటాయి, తొందరేం లేదు. ఫోటోకి స్కార్ఫ్ ఓకే, గడ్డం నుంచి నుదురు దాకా ముఖం మొత్తం కనపడాలి, నీడ పడకూడదు. ఇంకొకటి, నువ్వు ఎస్సీ అయితే ఇది తెలుసుకో: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే ఉంది, ఇస్లాంలోకి వస్తే ఉండదు. చదువు, ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంటే ముందు ఒక లాయర్‌తో మాట్లాడు, ఎవరూ ఈ మాట ముందు చెప్పరు.

ప్రశ్న: అక్కా, మాది ఏలూరు, నాకు 27. బొట్టు, గాజులు, పూలు అన్నీ మానేశా. అమ్మ నన్ను చూసినప్పుడల్లా ఏడుస్తోంది, పెళ్ళి కాకుండానే బోసి మొహం బోసి చేతులేంటే అని. ఆమెతో మాట్లాడటమే మానేశా, ఇంటికెళ్ళాలంటే గుండె దడ. ఏం చెయ్యను?

జవాబు: తల్లీ, బోసి చేతులు ఎవరు ఉండమన్నారు నిన్ను? చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి ఒక్కసారి రా, సందు సందంతా లక్క గాజులే, రంజాన్ రాత్రుళ్ళు అక్కడ నిలబడటానికి చోటుండదు, కొనేవాళ్ళల్లో ఎక్కువమంది బుర్ఖాల్లో ఉన్న ఆడవాళ్ళే. హైదరాబాదీ ముస్లిం పెళ్ళికూతురికి లచ్ఛా అనే నల్లపూసల దండ వేస్తారు. మల్లెపూలు ఇంట్లో పెట్టుకో, మన పెళ్ళిళ్ళల్లో పూలు లేకుండా ఉంటుందా? బొట్టు ఒక్కటే నేను పెట్టుకోను, అది వేరే ధర్మానికి గుర్తని చాలామంది పండితులు వద్దంటారు. నువ్వు ఒకటి మానాల్సిన చోట మూడు మానేశావు, అమ్మకి ఆ మూడూ కలిపి చూస్తే ఏం గుర్తొస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. మన ఊళ్ళల్లో బొట్టు, గాజులు, పూలు ఒకేసారి తీసేది ఎప్పుడో తెలుసు కదా. ఆమె ఏడ్చేది నీ మతం గురించి కాదమ్మా, నీ ఒంటి మీద ఆ చావు కళ చూసి.

ప్రవక్త స్నేహితుడు అబూబక్ర్ గారి కూతురు అస్మా వాళ్ళమ్మ ఇస్లాం తీసుకోలేదు. కూతుర్ని చూడ్డానికి వస్తే అస్మా ప్రవక్త దగ్గరికెళ్ళి అడిగింది, మా అమ్మ వచ్చింది, ఆమెతో బంధుత్వం నిలుపుకోనా అని. నిలుపుకో అన్నారాయన. లుఖ్మాన్ సూరా 14, 15 ఆయతులు చదువు, అమ్మానాన్న షిర్క్ (దేవుడికి ఇంకొకర్ని సాటి చెయ్యడం) చెయ్యమంటే వినకు, కానీ ఈ లోకంలో వాళ్ళతో మంచిగా ఉండు అని ఉంది. మాట్లాడటం మానెయ్యమని ఎక్కడా లేదు.

ఈ ఆదివారమే వెళ్ళు. రెండు డజన్ల మట్టిగాజులు వేసుకుని వెళ్ళు. అమ్మ పప్పు, వంకాయ కూర, గోంగూర ఏం వండినా తిను, కోడి వండుతుందనుకుంటే హలాల్ షాపులో నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు, ఆ వంకన ఇద్దరూ వంటింట్లో కలిసి నిలబడతారు. తినేసి వెంటనే లేచి రాకు. పెరట్లో గోరింటాకు చెట్టుంటే కోసుకొచ్చి, అమ్మా రుబ్బి పెట్టవా అని చెయ్యి చాపు. ఆమె పెడుతున్నంతసేపూ కూర్చో, అది పండటానికి ఎలాగూ రాత్రంతా పడుతుంది కాబట్టి ఆ రాత్రికి అక్కడే పడుకో.